భూపటలం 6 రెట్లు పల్చబడింది, ఫాల్ట్‌లు కొలిస్తే 2 రెట్లు కూడా రావడం లేదు. మిగతా సాగుదల ఎక్కడ?

రాతిపలక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే సోమవారం నా సెమినార్. ఖండం చీలి సముద్రం పుట్టే అంచుల్లో భూపటలం ఎలా పల్చబడుతుందన్నది నా అంశం. ఉదాహరణగా స్పెయిన్‌కు పడమట, అట్లాంటిక్ అడుగున ఉన్న గలీషియా అంచును తీసుకున్నాను. అక్కడ పైన పేరుకున్న మట్టి తక్కువ. అందుకే సైస్మిక్ సెక్షన్‌లో, అంటే ధ్వని తరంగాలు పంపి తీసిన భూగర్భపు నిలువు కోత బొమ్మలో, కింది రాతి బ్లాకులు, వాటి మధ్య ఫాల్ట్‌లు (రాయి తెగి జారిన పగుళ్ళు) బాగా కనిపిస్తాయి.

అచ్చయిన ఒక సెక్షన్‌ను పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి, రెండు రాత్రులు స్కేలు, ప్రొట్రాక్టర్ పెట్టుకుని కూర్చున్నాను. ఫాల్ట్‌లు ఇప్పుడు సుమారు 30 డిగ్రీల వాలులో ఉన్నాయి. అవి మొదట 60 డిగ్రీలతో పుట్టాయనుకుని సైన్ 60ని సైన్ 30తో భాగిస్తే 1.73. విడిగా ఒక్కో ఫాల్ట్ హీవ్ (బ్లాకు అడ్డంగా జరిగిన దూరం) కొలిచి కూడినా దాదాపు అంతే వచ్చింది. అంటే ఫాల్ట్‌ల లెక్కలో ఖండం 1.73 రెట్లు సాగింది.

మందం చూస్తే వేరే మాట. సాగని చోట పటలం దాదాపు 30 కి.మీ. ఈ బ్లాకుల దగ్గర 5 కి.మీ. అంటే 6 రెట్లు పల్చబడింది. భూభౌతిక శాస్త్రవేత్త మెకెంజీ 1978లో ఇచ్చిన మోడల్ ప్రకారం ఎన్ని రెట్లు సాగితే అన్ని రెట్లు పల్చబడాలి కదా?

మా గైడ్ గారిని అడిగితే, "కింది పటలం వేడిగా, మెత్తగా ఉంటుంది. పక్కకి ప్రవహించి వెళ్ళిపోయిందని రాసెయ్" అన్నారు. ఎక్కడికి వెళ్ళిందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా కొలతే తప్పా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదావరి గట్టు

అమ్మా, నీ స్కేలు తప్పు కాదు, కూడిక తప్పు కాదు. నువ్వు కొలిచినవి చిట్టచివరి తరం ఫాల్ట్‌లు మాత్రమే. వాటికి ముందు పుట్టి, పని చేసి, పడుకుండిపోయిన ఫాల్ట్‌లు ఆ బొమ్మలోనే ఉన్నాయి. అవి ఫాల్ట్‌ల్లా కనిపించవు, అంతే.

31 ఏళ్ళు సైస్మిక్ సెక్షన్లు చదివిన మనిషిని నేను. ఎక్కువ భాగం కృష్ణా–గోదావరి బేసిన్‌వే. ఇప్పుడు రిటైరయి రాజమండ్రిలో ఉంటున్నాను. నీ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు పట్టుకుని వదలలేదు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

అరలో నిలబెట్టిన పుస్తకాల వరస చివర ఉన్న ఆపు తీసేశావనుకో. పుస్తకాలన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి. వరస పొడవు పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య జారిన ముఖమే ఫాల్ట్. పుస్తకం ఒరిగిన కొద్దీ ఆ ముఖం కూడా దానితోపాటే వాలిపోతుంది. నువ్వు వాడిన సైన్ల లెక్క సరిగ్గా ఈ బొమ్మదే. 60 డిగ్రీలతో మొదలై 30కి వచ్చేసరికి 1.73.

తర్వాత ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు. ఫాల్ట్ అలా పడుకునే కొద్దీ పైనున్న రాతి బరువు దాని ముఖాన్ని నొక్కిపట్టడం ఎక్కువవుతుంది, జార్చే బలం తగ్గుతుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర పాత ముఖం మీద జారడం కన్నా, కొత్తగా నిటారు ఫాల్ట్ ఒకటి పగలడమే రాయికి తేలిక. అలా రెండో తరం పుడుతుంది. అది పాత బ్లాకులనూ, వాటి మధ్య ఉన్న పాత ఫాల్ట్‌లనూ కలిపి కోసేస్తుంది. తను ఒరుగుతూ పాతవాటిని ఇంకా ఒరగేస్తుంది. 30 డిగ్రీల్లో ఉన్న పాత ఫాల్ట్ ఇంకో 30 డిగ్రీలు తిరిగితే చాప పరిచినట్టు పడుకుంటుంది. ఇక దాన్ని ఫాల్ట్ అని ఎవరు గుర్తుపడతారు?

ఇది ఊహ కాదు. అమెరికాలో నెవాడా రాష్ట్రం, యెరింగ్టన్ రాగి గని ప్రాంతంలో బోర్లు, మ్యాపులు కలిపి చూసిన జియాలజిస్ట్ జాన్ ప్రోఫెట్ 1977లోనే ఇలా తరాలుగా పుట్టిన ఫాల్ట్‌లను చూపించారు. అక్కడ పాత ఫాల్ట్‌లు దాదాపు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఆ నేల రెండింతలకు పైగా సాగింది. అది ఖండం లోపలి సంగతి, సముద్రపు అంచు కాదు. అయినా రాయి తెగే తీరు ఒకటే.

ఇప్పుడు నీ లెక్క మళ్ళీ వెయ్యి. తరాలు కూడవు, హెచ్చిస్తాయి. మొదటి తరం 1.73. రెండోది కలిస్తే 1.73ని 1.73తో గుణించాలి, 3 వస్తుంది. మూడోది కూడా కలిస్తే 5.2. 30 కి.మీ. పటలం మొదటి తరానికి సుమారు 17, రెండో తరానికి 10, మూడో తరానికి 5.8 కి.మీ.కి దిగుతుంది. నువ్వు 5 అన్నావు. నీకు తగ్గిందనుకున్న సాగుదలలో చాలా భాగం ఇక్కడే దొరికింది. మిగతా కొంచెం సైస్మిక్ కంటికి ఆనని చిన్న చిన్న ఫాల్ట్‌ల వాటా. మరికొంత కింద చెప్పబోయే జారుడు ముఖానిది. ప్రతి చోటా పూర్తిగా మూడు తరాలు ఉంటాయని నేననడం లేదు. గుణకారం ఎంత వేగంగా పెరుగుతుందో చూపించడానికి చెప్పాను.

మరి హీవ్ కొలిచినా 1.73యే ఎందుకొచ్చిందంటావా? నాకు జరిగింది చెప్తాను. 1990ల మొదట్లో మాకు కాగితపు సెక్షన్లే. బేస్‌మెంట్ (మట్టి పొరల కింది గట్టి రాయి) పైభాగానికి పచ్చ పెన్సిల్, ఫాల్ట్‌కు ఎర్ర పెన్సిల్. ఒక బ్లాకు మీద వాలుగా దిగుతున్న గట్టి రిఫ్లెక్టర్ (తరంగం తిరిగొచ్చిన హద్దు గీత) కనిపిస్తే, బేస్‌మెంట్ పైభాగమని నిస్సంకోచంగా పచ్చ గీత గీశాను. తర్వాత అక్కడ బావి తవ్వారు. ఆ హద్దు దగ్గర కోర్ (స్తంభంలా కోసిన రాతి నమూనా) పైకి వచ్చింది. నిజంగా అది పాత నేల అయితే ఎండకూ వానకూ పాడైన రాయి, దాని మీద గులకరాళ్ళు ఉండాలి. పెట్టె తెరిస్తే నలిగి పొడైన రాయి, దాని మీద చేత్తో నిమిరితే జారిపోయేంత నున్నటి ముఖాలు, వాటి మీద ఒకే దిక్కుకు గీతలు. నేను పచ్చ గీత గీసింది ఫాల్ట్ ముఖం మీద! పైన ఉండాల్సిన బ్లాకు ఎప్పుడో జారి పక్కకు పోయింది, బయటపడిన ముఖం మీద మట్టి పేరుకుంది. ఆ ఒక్క గీత వల్ల కొన్ని కిలోమీటర్ల హీవ్ నా లెక్కలోంచి జారిపోయింది. అప్పటి నుంచి ప్రతి పచ్చ గీత దగ్గరా రెండుసార్లు ఆగేవాణ్ణి.

నువ్వు హీవ్ కొలిచినప్పుడు రెండు చివర్లూ నిజమైన తెగిన అంచులేనా అన్నది చూడు. గలీషియాలో దీనికి ఒక ఆనవాలు ఉంది. 1985లో జాయిడిస్ రిజల్యూషన్ ఓడ లెగ్ 103 యాత్రలో అక్కడ తవ్వినప్పుడు, ఖండం గట్టిగా చీలక ముందు తక్కువ లోతు సముద్రంలో ఏర్పడిన సున్నపురాయి దొరికింది. జురాసిక్ చివరి టిథోనియన్ కాలానిది. బ్లాకు నెత్తిన ఆ పొరలు బ్లాకుతో పాటు సమాంతరంగా వాలి ఉంటే అది అసలు పైభాగమే. ఆ పొరలు లేకుండా, తర్వాతి మట్టి నేరుగా గట్టి ముఖానికి వచ్చి తగిలి ఆగిపోతుంటే అనుమానించు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మా చిన్నప్పుడు తీర్థంలో జీళ్ళు చేసేవాళ్ళు బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి లాగేవాళ్ళు. వేడిగా ఉన్నంతసేపు సాగుతుంది. చల్లారితే పుటుక్కుమంటుంది. భూపటలం కూడా అంతే. పైన 10, 15 కి.మీ. చల్లగా, పెళుసుగా ఉండి ఫాల్ట్‌లుగా పగులుతుంది. కింది భాగం వేడికి మెత్తబడి సాగుతుంది. అందుకే మొదట్లో ఫాల్ట్‌లు మధ్యలోనే ఆగిపోతాయి, ఆ మెత్తని పొర వాటిని మింగేస్తుంది. కానీ పటలం పల్చబడే కొద్దీ కింది రాయి పైకి వస్తుంది, చల్లబడుతుంది, నెత్తిన బరువూ తగ్గుతుంది. సుమారు 10 కి.మీ. మందానికి దిగేసరికి మెత్తని పొర దాదాపు మిగలదు. పై నుంచి కింది దాకా అంతా పెళుసే. ఆ ఘడియ నుంచి ఫాల్ట్ పటలాన్ని దాటి నేరుగా దాని కిందున్న మాంటిల్‌లోకి దిగుతుంది.

ఫాల్ట్ దిగితే దాని వెంట సముద్రపు నీరు దిగుతుంది. మాంటిల్ రాయి పెరిడోటైట్. అందులోని ఆలివిన్ ఖనిజానికి నీరు తగిలితే సర్పెంటైన్ అవుతుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.3 గ్రాముల నుంచి 2.6 దగ్గరకు పడిపోతుంది, బలమూ తగ్గుతుంది. పటలానికీ మాంటిల్‌కూ మధ్య సబ్బు రాసినట్టు అవుతుందన్నమాట. నీ సెక్షన్‌లో బ్లాకుల కింద మెరిసే గీత ఒకటి ఉంటుంది, దాని పేరు ఎస్ రిఫ్లెక్టర్. బ్లాకుల్ని విడదీసే ఫాల్ట్‌లు వాలి వాలి దానిలోకే కలుస్తాయి. మామూలుగా ఫాల్ట్ అంత అడ్డంగా జారదు. ఇక్కడ జారడానికి ఆ సర్పెంటైనే కారణం. 2013లో ఆ ప్రాంతం మీద త్రీడీ సర్వే చేశారు. ఎస్ ముఖం మీద జారిన దిక్కుగా రేకు ముడతల్లాంటి గాడులు బయటపడ్డాయి. ఏ ఫాల్ట్ ఎక్కువ జారిందో దాని కింద మాంటిల్ ఎక్కువగా సర్పెంటైన్‌గా మారి ఉందని కూడా తేలింది. నీరు ఆ ఫాల్ట్‌ల గుండానే దిగిందనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మీ గైడ్ గారి మాట గురించి. కింది పటలం ప్రవహించడం మొదటి దశల్లో ఉంటుంది, దాన్ని కొట్టిపారేయను. కానీ ప్రవహించిన పదార్థం ఎక్కడో ఒకచోట లావుగా పేరుకోవాలి. గలీషియాకు ఒకప్పటి జోడీ కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి ఫ్లెమిష్ క్యాప్. జియాలజిస్ట్ బ్రయన్ వెర్నికీ 1985లో చెప్పినట్టు ఒకే పెద్ద వాలు ఫాల్ట్ రెండు ఖండాలనూ విడదీసిందనుకుంటే, ఒక పక్క ఫాల్ట్‌ల లెక్క తగ్గినా రెండో పక్క మిగులు కనిపించాలి. చూస్తే అటూ పల్చనే, ఇటూ పల్చనే. అటూ సాగుదల చాలడం లేదు, ఇటూ చాలడం లేదు. రెండు వైపులా అప్పులున్న చోట ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? అందుకే నేను ముందు ఫాల్ట్‌లను పూర్తిగా లెక్కపెట్టు, ఆ తర్వాతే ప్రవాహం సంగతి చూడు అంటాను.

మంచుకొండ

గట్టు గారు చెప్పింది కళ్ళతో చూడాలంటే ఆల్ప్స్‌కు రావాలి. జురాసిక్ కాలంలో చీలిన ఒక ఖండపు అంచు, ఆ సముద్రం తర్వాత మూసుకుపోయినప్పుడు కొండల్లోకి ఎక్కింది. నేను స్విట్జర్లాండ్‌లో ఉంటాను. రెండేళ్ళ క్రితం వేసవిలో తూర్పు స్విట్జర్లాండ్‌లోని ఎర్ కొండల్లో నాలుగు రోజులు నడిచాను.

అక్కడ గ్రానైట్ పై అంచు దగ్గర మొదట పచ్చగా నలిగిన రాయి వస్తుంది. దాని మీద వేలితో గీకితే రాలే నల్లటి పొడి పొర. అదే ఒకప్పటి పెద్ద జారుడు ఫాల్ట్. ఎంత పల్చగా ఉందో చూసి నమ్మలేకపోయాను. నన్ను కూర్చోబెట్టేసింది మాత్రం దాని పైనున్న జురాసిక్ మట్టిరాయి. అందులో ఆ పచ్చటి నలిగిన రాతి ముక్కలే చిక్కుకుని ఉన్నాయి. అంటే ఆ ఫాల్ట్ ముఖం అప్పట్లోనే సముద్రపు అడుగున బయటపడి, అరిగి, ముక్కలుగా రాలింది. గట్టు గారు పచ్చ గీత గీసింది ఇలాంటి ముఖం మీదే.

ఇంకా తూర్పున టాస్నా అనే చోట ఖండపు పటలం ఆకు కొనలా సన్నబడి, నేరుగా సర్పెంటైన్ మాంటిల్ మీద ముగిసిపోతుంది. మధ్యలో మెత్తగా ప్రవహించిన దళసరి కింది పటలం ఏమీ లేదు. రాతిపలక గారూ, మీ సెమినార్‌లో గలీషియా సెక్షన్ పక్కన టాస్నా బొమ్మ పెట్టండి.

రాతిపలక

సార్, మీ జవాబు మూడుసార్లు చదివాను. చాలా చాలా థాంక్స్. మంచుకొండ గారికీ.

సెమినార్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటుంది. మన కృష్ణా–గోదావరి బేసిన్ కూడా చీలిన అంచే కదా. బాపట్ల, తణుకు హార్స్ట్‌లు (ఫాల్ట్‌ల మధ్య ఎత్తుగా నిలిచిన రాతి దిమ్మలు) పుస్తకంలో ఉన్నాయి. వాటి మీద ఇదే లెక్క వేయొచ్చా? పాలకొల్లు దగ్గరి పెద్ద ఫాల్ట్ హీవ్ కూడా కలపాలా?

గోదావరి గట్టు

పాలకొల్లుది కలపకు అమ్మా, చాలామంది పొరబడేది అక్కడే.

మన తూర్పు తీరం దాదాపు 13 కోట్ల ఏళ్ళ కిందట అంటార్కిటికా నుంచి విడిపోయింది. బాపట్ల, తణుకు హార్స్ట్‌లు, వాటి మధ్య దిగబడిన గ్రాబెన్‌లు ఈశాన్యం నుంచి నైరుతికి తీరం వెంట సాగేవి ఆ చీలికవి. వాటి ఫాల్ట్‌లు తూర్పు కనుమల ఖోండలైట్, చార్నోకైట్ రాతిలోకి దిగుతాయి. అవే పటలాన్ని సాగదీసినవి. మత్స్యపురి–పాలకొల్లు ఫాల్ట్ అలాంటిది కాదు. చీలిక అయిపోయిన చాలా కాలానికి, నదులు తెచ్చి పోసిన మట్టి తన బరువుకు తనే సముద్రం వైపు జారితే పుట్టింది. పైన నిటారుగా ఉండి కింద బురదరాతి పొరలో పడుకుండిపోతుంది. దాని హీవ్ కలిపితే మట్టి జారుడును ఖండం సాగుదలగా రాసినట్టవుతుంది. గలీషియాలో మట్టి తక్కువ కాబట్టి ఈ బాధ లేదు. మన దగ్గర బేస్‌మెంట్ మీద కిలోమీటర్ల కొద్దీ మట్టి.

ఇంకో చిక్కు. చింతలపూడి వైపు నుంచి వచ్చే ప్రాణహిత–గోదావరి లోయ అంతకుముందు గోండ్వానా కాలంలోనే వాయవ్యం–ఆగ్నేయంగా చీలిన రిఫ్ట్. అది తీరపు చీలికకు దాదాపు అడ్డంగా వచ్చి డెల్టా కింద దూరింది. మండపేట దగ్గర తవ్విన బావుల్లో ఆ పాత రిఫ్ట్ నాటి పెర్మియన్ కాలపు రాళ్ళు వచ్చింది అందుకే. కాబట్టి మొదలు ఎంత మందం అనుకుని లెక్క మొదలుపెట్టాలన్నదే మన దగ్గర తేలని మాట. అప్పటికే ఒకసారి పల్చబడిన చోట 30 కి.మీ. అని పెట్టి భాగిస్తే జవాబు తప్పుతుంది. హార్స్ట్‌లున్న భాగం అంచుకు గట్టు లాంటిది కూడా. అసలు పల్చబడింది ఇంకా ముందుకు, లోతు సముద్రంలో. సెమినార్‌లో ఎవరైనా అడిగితే ఈ మూడు మాటలు చెప్పు, సంఖ్య చెప్పకు.

రాతిపలక

సార్, నిన్న రాత్రి మళ్ళీ కూర్చున్నాను. నా సెక్షన్‌లో 4 బ్లాకులు. రెండింటి నెత్తిన వాలిన పొరలు బ్లాకుకు సమాంతరంగా చక్కగా ఉన్నాయి. మిగతా రెండింట్లో, సముద్రం వైపువాటిలో, మీరు చెప్పినట్టే పొరలు లేవు. పై మట్టి నేరుగా వచ్చి తగిలి ఆగిపోతోంది. ఆ రెండు చోట్లా నేను పచ్చ గీత గీశాను! వాటిని ఎరుపు చేసి, అంచుల్ని వెనక్కి జరిపి కొలిస్తే 1.73 కాస్తా 2.9 అయింది. ఇంకా 6 రాలేదు. అయినా నిద్ర పట్టలేదు, సంతోషంతో.

గోదావరి గట్టు

భేష్ అమ్మా. 2.9 అంటే రెండో తరాన్ని నువ్వే పట్టుకున్నావు. ఇప్పుడు ఆ సముద్రం వైపు రెండు బ్లాకుల లోపల చూడు. అడ్డంగా, నెత్తికీ ఎస్‌కూ మధ్య సగంలో, మసగ్గా ఒక రిఫ్లెక్టర్ ఉందేమో. ఉంటే అది పక్క ఫాల్ట్ దగ్గర తెగి, అవతలి బ్లాకులో మళ్ళీ కొనసాగుతోందా అన్నది చూసి చెప్పు. సెక్షన్ లోతు స్కేలులో ఉందో, టైమ్ స్కేలులో (తరంగం వెళ్ళి రావడానికి పట్టిన సమయం) ఉందో ఈసారి రాయి. టైమ్‌లో అయితే నీ 30 డిగ్రీలే మళ్ళీ కొలవాల్సి వస్తుంది.